విజ్ఞానకథల పోటీ

అంతర్జాలమున జరుగు విజ్ఞానకల్పిత కథల పోటీకి కథ పంపగోరు బాలబాలికలకు ఒక పాత పోటీని గూర్చి చెప్పవలెను. 1896లో కలకత్తాయందు ‘కుంతలీన్’ అను తలనూనె వర్తకుడు కథల పోటీ పెట్టెను. కథలో ఆ నూనె పేరు రావలెనట! జగదీశచంద్ర బోసుగారి కథలో ఓడ ప్రయాణికుడు సముద్రముపై ఆ నూనె పోయగా తుపాను శాంతించును. బహుమానము వారికే వచ్చెను. నూనె పలుచని పొరగా పరచుకొని చిన్న యలలను అణచుట సత్యము. తుపానునే అణచుట కల్పన. సత్యమును విడువక సాగదీయుటయే కిటుకు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడితోటలను కూల్చినది. పలాస బాలునకు అంగారక గ్రహమేల? గాలిరాకను ముందెరిగి మట్టలు ముడుచుకొను కొబ్బరిచెట్టును కల్పించిన చాలును. ముడిచిన మట్టలకు ఎండ తగులునా? ఆ చెట్టు కాయలు కాచునా? మిగిలిన కథ యంతయు ఈ ప్రశ్నలకు జవాబే.