రైతు కాగితములను భద్రపఱచుటకు పెన్ డ్రైవు: ఎంచుకొను విధము

సేద్యము చేయువానికి నాగలితో నెంత పని కలదో, ఈ కాలమున కాగితముతో నంత పని కలుగుచున్నది. పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, వన్-బి నకలు, రిజిస్టరు దస్తావేజు, ఈసీ, పంట ఋణపు రసీదులు, పిల్లల చదువు పత్రములు మొదలగునవన్నియు ఒక ట్రంకు పెట్టెలో వేసి అటకపై నుంచుట మన యిండ్లలో వాడుక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము దగ్గఱ తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున దాటినప్పుడును మన యుత్తర కోస్తా జిల్లాలలో ఎన్నో యిండ్ల కప్పులు లేచిపోయినవి. కప్పు లేచిన యింట కాగితము నిలుచునా? చెదలకును ఎలుకలకును తుపాను కూడ నక్కఱలేదు.

ప్రభుత్వమువారి మీభూమి, డిజిలాకరు మున్నగువానియందు కొన్ని పత్రములు మరల లభించునన్న మాట నిజమే. కాని సంఘమున కట్టిన వాయిదా రసీదు, కౌలు ఒడంబడిక, అన్నదమ్ముల పంపకపు కాగితము, ఎరువుల దుకాణపు బిల్లు, పశువుల భీమా చీటి అక్కడ దొరకవు. ఇట్టివి పోయినచో పోయినట్లే. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరు లెక్కలు ప్రవేశపెట్టుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. సంఘపు చిట్టాయే కంప్యూటరులోనికి పోవుచుండగా, సభ్యుని రసీదుల ప్రతి సభ్యునియొద్ద భద్రముగా నుండవలదా? లెక్కలో తేడా వచ్చిననాడు మాటకంటె రసీదే యెక్కువ పలుకును.

ఫోనులో ఫొటోలు తీసి యుంచితిమని కొందఱందురు. ఫోను నీట పడును, పగులును, దొంగల పాలగును. కొన్నివందల రూపాయలకు లభించు పెన్ డ్రైవు దీనికి తగిన తోడు. అయితే అంగడిలో దొరకునది యెల్ల మంచిది కాదు. అందుచే దానిని పరీక్షించి కొను విధము నిచట వివరింతుము.

పెన్ డ్రైవు బొటనవ్రేలంత సాధనము. దానిలోని ఫ్లాష్ మెమొరీ యను బిళ్ళలో కోట్లకొలది సూక్ష్మమైన గదులు కలవు. ఒక్కొక్క గదిలో నింత విద్యుత్తు నిలిపి యుంచుటయే వ్రాత. కరెంటు తీసివేసినను ఆ వ్రాత నిలుచును. ఈ మెమొరీని 1980 తరువాతి దశాబ్దమున జపానులోని తోషిబా కంపెనీ యందు ఫుజియో మసువోకా యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. 2000లో పెన్ డ్రైవులు మొదట అంగడికి వచ్చినప్పుడు వానిలో పట్టినది 8 ఎంబీ మాత్రమే. నేటి ఫోను ఫొటోలు రెండుకంటె నెక్కువ పట్టవు.

ఇక ఎంత పరిమాణముగలది కొనవలెను? స్కాన్ చేసిన కాగితము ఒక పుట సాధారణముగా 1 ఎంబీ లోపున నుండును. ఫోనుతో తీసిన ఫొటో 3 మొదలు 5 ఎంబీ వఱకు నుండును. ఒక కుటుంబమునకు 200 పుటలున్నవనుకొని, అన్నియు ఫొటోలుగానే తీసినను 1 జీబీకి మించదు. కావున కాగితములకు 16 జీబీ చాలును. ధరలో తేడా స్వల్పమైనచో 32 జీబీ తీసికొనవచ్చును. పెండ్లి వీడియోలు దాచదలచువారికి మాత్రమే అంతకు మించినది కావలెను. ఒక్క వీడియో 4 జీబీకి మించినచో పాత ఫ్యాట్32 పద్ధతిలోనున్న డ్రైవు దానిని స్వీకరింపదు; డ్రైవు ఖాళీగా నున్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకొనవలెను. ఏలయన, ఆ మార్పు చేసినప్పుడు లోపల నున్నదంతయు తుడిచిపోవును.

32 జీబీ డ్రైవును కంప్యూటరునకు తగిలించినచో 29.8 జీబీ యని చూపును. ఇది మోసము కాదు. చేసినవారు వేయింటి లెక్కను కొలుతురు, కంప్యూటరు 1,024 లెక్కను కొలుచును, అంతియే భేదము.

అసలు మోసము వేఱొకటి కలదు. అడుగున చెక్క వేసిన దొంగ కుంచము నెఱుగని రైతు లేడు. పైకి నిండు కుంచమే. కొలిచి పోసిన గింజలు మాత్రము తక్కువ. పెన్ డ్రైవులలోను అట్టివి కలవు. లోపల 8 జీబీ బిళ్ళ పెట్టి, 1 టీబీ యనియో 2 టీబీ యనియో కంప్యూటరునకు అబద్ధము చెప్పునట్లు దానిని సిద్ధము చేయుదురు. మొదట దాచినవి బాగుగనే తెఱచుకొనును. నిజమైన చోటు నిండిన తరువాత దాచినవానికి పేరు మాత్రము కనబడును, లోపల వస్తువుండదు. కొన్నిమాఱులు క్రొత్తది పాతదానిని కూడ చెఱచును. అక్కఱ వచ్చి తెఱచిననాడు గాని యీ సంగతి బయటపడదు. పేరుగల కంపెనీ 32 జీబీ డ్రైవు ధరకే 2 టీబీ యిత్తునని యెవరైన నన్నచో దానిని ముట్టుకొనకుండుటే మేలు. శాన్‌డిస్క్, కింగ్‌స్టన్, ట్రాన్సెండ్ వంటి పేర్లు ముద్రించిన నకిలీలును కలవు గనుక డబ్బాపై పేరు చూచి తృప్తిపడరాదు.

విత్తనము చల్లుటకు ముందు నూఱు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూచుట మనకు తెలిసినదే. పెన్ డ్రైవునకును మొలక పరీక్ష కలదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ యను ఉచిత ప్రోగ్రాము డ్రైవును నిండుగా వ్రాసి, వ్రాసినదానిని మరల చదివి తప్పొప్పులు చెప్పును. 32 జీబీ సాధారణపు డ్రైవు నిండుటకు సుమారు గంట పట్టును. అది తెలియనివారు ఫొటోలను, వీడియోలను డ్రైవు నిండువఱకు నకలు చేసి, తీసి, మరల తగిలించి, మొదట, నడుమ, చివర చేర్చినవాని నన్నిటిని తెఱచి చూడవలెను. అవన్నియు తెఱచుకొనినచో కొలత సరియైనదని నమ్మవచ్చును. పరీక్ష తేలిన తరువాతనే కాగితములు దాచవలెను.

వేగమును గుఱించి రెండు మాటలు. యూఎస్‌బీ 2.0, యూఎస్‌బీ 3.0 అని రెండు తరగతులు అంగడిలో కనబడును. రెండవదాని నోటిలో తఱచుగా నీలిరంగు నాలుక యుండును. కాగితములకు మొదటిదే చాలును. పాత కంప్యూటరునకు తగిలించినచో రెండవదియు మొదటిదానివలెనే నడచును. ఇంట కంప్యూటరు లేక ఫోను మాత్రమే గలవారు, ఒక కొనను టైప్-సి, మఱియొక కొనను సాధారణపు యూఎస్‌బీ గల రెండుకొనల డ్రైవు తీసికొనుట యుచితము. తమ ఫోను దానిని గుర్తించునో లేదో దుకాణముననే తగిలించి చూడవలెను.

మేము ముఖ్యముగా చెప్పదలచినది యిది: పెద్దది యొకటి కొనుటకంటె చిన్నవి రెండు కొనుడు. విత్తనపు ధాన్యమంతయు ఒకే గాదెలో పోయు తెలివిగల రైతు లేడు. ఎంత మంచి డ్రైవైనను ఒకనాడు చెప్పకుండ చెడును. దానిని బాగుచేయింప బోయినచో కొన్న ధరకు ఎన్నో రెట్లు వ్యయమగును. రెంటిలోను ఒకే కాగితములు దాచి, ఒకటి యింటనుంచి, రెండవది వేఱొక యూర నమ్మకమైన బంధువునింట నుంచవలెను. కొత్తవలసలో నొకటి యుండి విజయనగరమున నొకటి యున్నచో ఒక్క అగ్నిప్రమాదమునకు రెండును పోవు.

గదులలో నిలిపిన విద్యుత్తు ఏండ్లు గడచినకొలది కొంచెము కొంచెముగా తగ్గిపోవును. వేడిమిచే మఱింత త్వరగా తగ్గును. కాబట్టి రోహిణి కార్తె యెండలో కాగు రేకుల కప్పు క్రింద దానిని పెట్టరాదు. ఏటేట ఏరువాకకు ముందు రెండు డ్రైవులను తగిలించి, కాగితములు తెఱచి చూచి, క్రొత్త రసీదులు చేర్చుకొనవలెను. కొన్ని యేండ్లకొకసారి క్రొత్త డ్రైవునకు నకలు మార్చుకొనవలెను. వ్రాత జరుగుచుండగా ఊడబెఱుకరాదు. కంప్యూటరులో "ఎజెక్ట్" చెప్పిన తరువాతనే తీయవలెను.

పెన్ డ్రైవునకు స్వయముగా తాళము లేదు. పోగొట్టుకొనినచో మీ ఆధారు, పాసుపుస్తకము, బ్యాంకు కాగితములు దొరికినవాని చేతిలోనివే. సెవెన్-జిప్ యను ఉచిత ప్రోగ్రాముతో కాగితముల నొక మూటగా కట్టి పాస్‌వర్డు పెట్టవచ్చును. ఆ మాటను ఇంటిలో మఱియొకరికి తప్పక తెలుపవలెను. నెట్ సెంటరులకు దాచుకొను డ్రైవును కొనిపోకుడు. అక్కడి కంప్యూటరులనుండి వైరసు లంటును. ప్రింటు కావలసిన కాగితమొక్కటి వేఱొక పాత డ్రైవులో పట్టుకొనిపోవుడు. పని యైన తరువాత అక్కడి కంప్యూటరులో మీ కాగితము మిగులకుండ తీయింపుడు.

మఱియొక హెచ్చరిక. ఛాయాప్రతి అసలు దస్తావేజు కాదు. పోయిన కాగితపు నంబరు, తేది, సర్వే వివరములు చెప్పి నకలు పొందుటకు అది తోడ్పడును. అసలుకు బదులు నిలువదు. కావున ట్రంకు పెట్టెను నిర్లక్ష్యము చేయరాదు.

కొనునప్పుడు బిల్లు తప్పక తీసికొనవలెను. కొన్ని కంపెనీలు ఐదేండ్ల పూచీ నిచ్చుచున్నవి. అయితే ఆ పూచీ డ్రైవునకే కాని లోపలి కాగితములకు కాదు. నకిలీ యని తేలినచో 1915 నంబరునకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదు చెప్పవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముచే కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. బిల్లు లేనివాని మాట చెల్లుట కష్టము.

ఒక్కొక్కరు విడిగా పోయి కొనుటకంటె, పదిమంది సభ్యులు కూడి, కొత్తవలస జంక్షనున రైలెక్కి విజయనగరమునకో విశాఖపట్టణమునకో పోయి, బిల్లిచ్చు దుకాణమున ఒక్కసారి కొనుట లాభకరము. ధర కొంత తగ్గును. పరీక్ష తెలిసిన యువకుడొకడు అందఱి డ్రైవులను పరీక్షించి పెట్టును. చెడ్డవి తేలినచో పదిమంది మాట దుకాణదారు వినకపోడు. ఎరువులను, విత్తనములను కూడి కొనుట నేర్చిన మనకు ఇది క్రొత్త విద్య కాదు. తుపానుల కాలము రాకమునుపే ప్రతి సభ్యుడును తన కాగితములకు రెండు ప్రతులు సిద్ధము చేసికొనునని ఆశించుచున్నాము.