రేయి వినవచ్చు రేడియో

మార్టూరు కల్లములలో మిరపకాయలు ఆరబోసిన రైతునకు తుపాను వార్త సకాలమున చేరవలెను. పగలు వినరాని దూరపు రేడియో కేంద్రములు రాత్రి వినవచ్చుటకు కారణమేమి? భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుండి సూర్యకిరణములు గాలిలో విద్యుత్కణముల పొరల నేర్పరచును. ఇదియే అయనావరణము. పగలు దీని క్రింది పొర మీడియంవేవు తరంగములను హరించును. రాత్రి ఆ పొర క్షీణింపగా, పై పొర వానిని నేలకు మరలించును.

మన రాష్ట్రమున, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారు ఈ పొరలను పరిశోధించిరి. నేలనుండి పంపిన తరంగముల ప్రతిధ్వనివలన అడుగు భాగమే తెలియును. 1962లో ఎగసిన కెనడా కృత్రిమ ఉపగ్రహము అలూయెట్ పైనుండి తరంగములు పంపి పై భాగమును కొలిచెను. 1975లో మన ఆర్యభటయు అయనావరణ పరిశోధనా పరికరమును గొనిపోయెను.

ఈ పొరలు గడియగడియకు మారుచుండును. కావున తుపానువేళ దూరపు కేంద్రమును నమ్ముకొనక, నేలవెంట తరంగము చేరు సమీప కేంద్రమునే వినుడని మనవి చేయుచున్నాము.