పాత ఇంజనుల పాఠము

కొత్త రైలుబండిని ప్రారంభించు నాడు పూలమాలలుండును, బాజాలుండును, ఉపన్యాసములుండును. అరువదేండ్లు పనిచేసిన ఇంజనును విప్పి బాగుచేసి మరల పట్టాలమీద నిలిపిన నాడు ఏ బాజాయు మ్రోగదు. యంత్రవిద్య ఒక దేశమునకు ఎంతవఱకు వంటబట్టినదో తెలియవలెనన్న ఈ రెండవ పనినే చూడవలెనని మా అభిప్రాయము. దృష్టాంతము కొఱకు దూరము పోనక్కరలేదు. మన పొరుగుననున్న శ్రీలంక చాలును.

1950 జనవరిలో కామన్వెల్తు దేశముల విదేశాంగమంత్రులు కొలంబో నగరమున సమావేశమై, ఆసియాలో కొత్తగా స్వతంత్రములైన దేశములకు తోడ్పడుటకై ఒక ప్రణాళికను తలపెట్టిరి. అదియే కొలంబో ప్రణాళిక. దానిక్రింద కెనడా దేశము నాటి సిలోనునకు డీసెలు ఇంజనులను కానుకగా పంపెను. మొదటివి 1954లో వచ్చినవి. తరువాతి ఏండ్లలో మఱికొన్ని చేరినవి. ఇవి ఆంటారియో రాష్ట్రమున లండన్ అను పట్టణములోని జనరల్ మోటార్సు కర్మాగారమున తయారైనవి. దాతల జ్ఞాపకార్థము పెక్కింటికి కెనడా రాష్ట్రముల పేర్లు పెట్టిరి. ఈ విధముగా ఆల్బర్టా, మానిటోబా మొదలగు మంచుసీమల పేర్లు సింహళమున కొబ్బరితోటల నడుమ పరుగెత్తసాగినవి.

వానిలో కొన్ని నేటికిని పరుగెత్తుచున్నవి. వేడుకకై ఏడాదికొకమారు బయటికి తీయు బండ్లని పాఠకులు తలపవలదు. ప్రయాణికులను మోయు నిత్యవిధిలోనే అవి ఉన్నవి. వీనికి కొంచెము ముందుగా బ్రిటనునుండి తెచ్చిన డీసెలు ఇంజనులు ఏనాడో విశ్రాంతి పొందినవి.

ఈ దీర్ఘాయువునకు నిర్మాణము ఒక కారణము. పన్నెండు సిలిండర్లుగల 1,425 అశ్వశక్తి ఇంజను ఒక జనరేటరును త్రిప్పును. అందు పుట్టిన విద్యుత్తు ఇరుసులమీది మోటారులను నడపును. ఏ సిలిండరు చెడినను దానిని పిస్టనుతో సహా పైకితీసి వేఱొకదానిని అమర్చవచ్చును, తక్కినవానిని కదల్చనక్కరలేదు. అయితే విప్పుటకు వీలుగానున్నంత మాత్రమున ఏ యంత్రమును తనంతట తాను బాగుపడదు. విప్పి బిగింపగల చేతులు కావలెను. అట్టి చేతులు కొలంబోకు దక్షిణముననున్న రత్మలానా రైల్వే కర్మాగారమున తయారైనవి. బి. డి. రాంపాల అను స్వదేశీయుడైన ఇంజనీరు 1955లో ఆ రైల్వేకు జనరల్ మేనేజరై, ఆవిరి ఇంజనులనుండి డీసెలు ఇంజనులకు జరిగిన మార్పును నడిపించెను. కానుక ఇచ్చినవారు యంత్రమును మాత్రమే ఈయగలిగిరి. దానిని బ్రతికించు విద్యను పుచ్చుకొన్నవారే సంపాదించుకొనవలసివచ్చెను.

ఆ విద్యకు కఠినపరీక్ష 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చెను. అది ఆదివారము, బౌద్ధులకు పర్వదినమైన పున్నమి, క్రిస్మసు మఱునాడు. కొలంబో కోటస్టేషనునుండి ఉదయము బయలుదేరిన మాతర ఎక్స్‌ప్రెస్ జనముతో క్రిక్కిరిసియుండెను. దానిని లాగుచున్నది 591వ నెంబరు ఇంజను, మానిటోబా. సుమత్రావద్ద సముద్రగర్భమున కలిగిన భూకంపమువలన లేచిన సునామీ అలలలో మొదటిది తీరమును తాకినప్పుడు, తొమ్మిదిన్నర ప్రాంతమున, బండి పెరాలియ గ్రామమువద్ద ఆగిపోయెను. పట్టాలకును సముద్రమునకును దూరము రెండువందల మీటర్లు. చుట్టుపట్లవారు రైలుపెట్టెలే పదిలమని తలచి వానిలోనికి ఎక్కిరి. కొందఱు పైకప్పులమీదికి చేరిరి. తరువాత వచ్చిన పెద్ద అల బండినంతయు విసరివైచెను. 1,700 మందికి పైగా మృతిచెందిరని అంచనా. డ్రైవరును అతని సహాయకుడును వారిలోనివారే. ప్రపంచ రైల్వేచరిత్రలో ఇంతకంటె ఎక్కువ ప్రాణములను బలిగొన్న ప్రమాదము లేదు.

ఆ అలయే మన నెల్లూరు, ప్రకాశము, కృష్ణా తీరములను తాకి, ఆంధ్రదేశమున నూరుమందికి పైగా ప్రాణములను తీసికొనిపోయినది. కావున పెరాలియ దుఃఖము మనకు పరాయిది కాదు.

పట్టాలు తప్పి ఉప్పునీట మునిగిన ఆ ఇంజనును పాత ఇనుమునకు అమ్మివేసియున్నను ఎవరును తప్పుపట్టకుందురు. అప్పటికే అది ముదుసలి. కాని శ్రీలంక రైల్వేవారు దానిని, మఱి రెండు పెట్టెలను తీసికొనిపోయి బాగుచేసిరి. మానిటోబా మరల పనిలో చేరినది. దాని ప్రక్కలమీద అలను చిత్రించిరి. ఏటేట డిసెంబరు 26న అది పెరాలియకు వచ్చి నిలుచును. మృతుల బంధువులు ప్రార్థనలు సలుపుదురు. రాతిస్తంభములు అనేకములు చూచితిమి. పనిచేయుచు స్మరింపజేయు స్మారకమిది.

ఇక మన సంగతి. 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థనుండి 2,600 అశ్వశక్తిగల డీసెలు ఇంజనులను మనవారు తెచ్చిరి. 1964 జనవరిలో వారణాసి కర్మాగారమున తయారైన మొదటి ఇంజను బయటికి వచ్చెను. 1969లో ఆల్కో మూతపడినది. పుట్టినింట దీపమారినను వారణాసిలో ఆ వంశము ఆగలేదు. మన ఇంజనీర్లు దానిని సవరించి, దాని బలమును క్రమముగా 3,300 అశ్వశక్తికి పెంచిరి. 1996లో వారణాసి ఇంజనులు శ్రీలంకకును పోయినవి. ఇరుదేశముల పట్టాల వెడల్పు ఒక్కటే.

ఇప్పుడు మన బ్రాడ్‌గేజి మార్గములు దాదాపు అన్నియు విద్యుత్తుతో నడచుచున్నవి. ఆల్కో జాతి ఇంజనులు వేగముగా తగ్గిపోవుచున్నవి. దీనికి మేము వగచుట లేదు. పొగయు, దిగుమతి చమురు ఖర్చును తగ్గుట దేశమునకు మేలే. పాతదగుటచేతనే యంత్రమును పూజింపవలెనని మేము చెప్పము. అయితే కాజీపేట, గుత్తి, విశాఖపట్నము షెడ్లలో ఈ ఇంజనులను దశాబ్దములపాటు విప్పి బిగించిన ఫిట్టర్ల నేర్పు సంగతి ఏమి? శబ్దము విని రోగము చెప్పగల చెవి ఏ పుస్తకమునను లేదు; పెద్దవాని ప్రక్కన పిన్నవాడు నిలిచి నేర్చుకొనినది. పెద్దవాడు ఉద్యోగము విరమించి ఇంటికి పోయిన దినమున అదియు ఆయనతోడనే పోవును.

కావున రైల్వే అధికారులకు మా మనవి యిది. ఇనుమును తూకము వేయుటకు ముందు నేర్పును భద్రపఱుపుడు. ఉన్న పాత ఇంజనులలో కొన్నింటిని చక్కని స్థితిలో నుంచి, తుపానునాడు తీగలు తెగినప్పుడు అక్కఱకు వచ్చునట్లు చేయుడు. వానిమీద పిన్నవారికి పని నేర్పుడు. తుపానులు ఎఱుగని తీరము కాదు మనది.

దానముగా వచ్చిన యంత్రమైనను, ధనమిచ్చి కొన్న యంత్రమైనను, చెడిన నాడు మనచేతులతో బాగుచేసికొనగలిగినప్పుడే మనది. రత్మలానా పనివారు మానిటోబాను అట్లు తమదిగా చేసికొనిరి. మన షెడ్లలోని పిన్నలకును ఆ నేర్పు దక్కునట్లు చూచుట మన విధి.