పెట్రోల్ పడింది.. సిగ్నల్ పోయింది! అరకు కొండల్లో బంకు బిల్లు, పేమెంట్ ఒకే సిస్టమ్‌లో ఉంటే ఎవరికి లాభం?

బైక్‌లో 200 రూపాయల పెట్రోల్ పడిపోయింది. క్యూఆర్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. "అన్నా.. నా అకౌంట్‌లో కట్ అయ్యింది" అని బండి మీదున్న కుర్రాడు. "మా బాక్స్ మోగలేదు తమ్ముడూ" అని పంపు దగ్గరున్న అన్న. వెనకాల హారన్లు. అరకు, పాడేరు, అనంతగిరి ఘాట్ రోడ్ల మీద తిరిగే వాళ్లకు ఈ గొడవ కొత్తేం కాదు.

మామూలు షాపులో అయితే సరుకు వెనక్కి ఇచ్చేస్తే సరిపోతుంది. బంకులో అలా కుదరదు. ట్యాంకులో పడిన పెట్రోల్‌ని వెనక్కి తీయలేరు. అందుకే 'డబ్బు వచ్చిందా, రాలేదా' అన్న ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు కావాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పేమెంట్‌ని కలిపేసే పద్ధతి వచ్చింది ఇందుకే. అసలు ఇది ఎలా పని చేస్తుంది? కొండ ప్రాంతాల్లో ఎంతవరకు పనికొస్తుంది? వివరంగా చూద్దాం.

ఏజెన్సీలో బంకు అంటే ఒక్క పెట్రోలే కాదు

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఊళ్లు విసిరేసినట్టు ఉండే ఈ జిల్లాలో ఒక బంకు దాటితే ఇంకోటి ఎక్కడొస్తుందో చూసుకుని బయల్దేరాలి. టూరిస్టు కార్లు, జీపులు, ఆటోలు, కాఫీ తోటల పనికి తిరిగే బైకులు.. అన్నిటికీ ఆ కొద్ది బంకులే దిక్కు. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) అటవీ ఉత్పత్తులు కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడంతో పాటు ఏజెన్సీలో పెట్రోల్ బంకులు, గ్యాస్ ఏజెన్సీలు కూడా నడుపుతోంది.

ఇక్కడి బేరాలు చిన్నవి. సంత రోజు వంద, రెండు వందలు కొట్టించుకునే బైకులే ఎక్కువ. ఒక్కో బేరం చిన్నదే అయినా రోజు మొత్తం మీద పది పేమెంట్లు తేడా వస్తే నష్టం చిన్నది కాదు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏంటి?

చాలా బంకుల్లో మూడు లెక్కలు వేర్వేరుగా నడుస్తాయి.

* మొదటిది పంపు మీటర్. షిఫ్ట్ మొదట్లో రీడింగ్, చివర్లో రీడింగ్ తీసి తేడాని ధరతో గుణిస్తే ఎంత అమ్మారో తెలుస్తుంది.
* రెండోది చేతిలో ఉన్న క్యాష్.
* మూడోది యూపీఐ, స్వైపింగ్ మెషిన్ రిపోర్టులు. ఇవి బ్యాంకు వైపు నుంచి వస్తాయి.

షిఫ్ట్ దిగేటప్పుడు ఈ మూడూ కలవాలి. కలవకపోతే 'షార్టేజ్'. ఆ భారం పంపు దగ్గర నిలబడిన కుర్రాడి మీద పడే చోట్లు కూడా ఉన్నాయి. తప్పు అతనిదా, నెట్‌వర్క్‌దా, కస్టమర్‌దా అని తేల్చడానికి చేతిలో రుజువు ఉండదు.

గోడకు అంటించిన క్యూఆర్‌తో ఇంకో తలనొప్పి ఉంది. అందులో రేటు ఉండదు, మొత్తం కస్టమరే టైప్ చేయాలి. 200 బదులు 20 కొట్టినా బాక్స్ మోగుతుంది. పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయే వాళ్లూ ఉంటారు.

బిల్లు, పేమెంట్ కలిస్తే ఏం మారుతుంది?

పంపు నుంచి వచ్చిన లెక్క నేరుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. ఎన్ని లీటర్లు, ఆ రోజు ధర ఎంత, మొత్తం ఎంత.. అన్నీ అందులో ఉంటాయి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఇంధన ధరల్ని రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి వచ్చింది కాబట్టి ధర చేత్తో మార్చే పని తప్పడం కూడా లాభమే.

ఆ మొత్తానికే సాఫ్ట్‌వేర్ ఒక కొత్త క్యూఆర్ తయారు చేస్తుంది. దీన్నే డైనమిక్ క్యూఆర్ అంటారు. కస్టమర్ స్కాన్ చేస్తే మొత్తం దానంతట అదే వస్తుంది, పిన్ కొడితే చాలు. డబ్బు రాగానే బిల్లు నంబర్ పక్కనే 'పెయిడ్' అని పడుతుంది. కార్డు అయినా ఇదే పద్ధతి. మెషిన్‌లో మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు. షిఫ్ట్ చివర్లో ఏ బిల్లుకు డబ్బు వచ్చిందో, ఏది ఆగిందో ఒక్క లిస్టులో కనిపిస్తుంది.

ఇంకో అడుగు ముందుకేసి 'ముందు డబ్బు, తర్వాత ఇంధనం' పద్ధతి కూడా ఉంది. భారత్ పెట్రోలియం తెచ్చిన యూఫిల్ అలాంటిదే. కస్టమర్ ముందే ఫోన్‌లో కట్టేస్తాడు, కట్టినంతకే పంపు పోస్తుంది. కొండ ప్రాంతాలకు ఈ క్రమం బాగా నప్పుతుంది. పేమెంట్ ఫెయిల్ అయితే పెట్రోల్ ఇంకా బంకు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి గొడవకు చోటే ఉండదు.

మరి సిగ్నలే లేకపోతే?

అసలు చిక్కు ఇక్కడే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా టవర్‌ని తెచ్చి పెట్టదు. నెట్‌వర్క్ అందని గ్రామాలకు 4జీ ఇవ్వడానికి కేంద్ర కేబినెట్ 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల ప్రాజెక్టుకు ఓకే చెప్పింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ప్రారంభించిన 100 జియో టవర్లలో ఎక్కువ భాగం అల్లూరి జిల్లాకే వచ్చాయి. అయినా ఘాట్ మలుపుల్లో, వానాకాలంలో, కరెంటు పోయినప్పుడు సిగ్నల్ మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి ఆగిపోయాయి.

కలిపిన సిస్టమ్ ఇక్కడ చేసేది ఒక్కటే. లెక్క పోకుండా చూస్తుంది. నెట్ లేకపోయినా బిల్లు బంకులోని కంప్యూటర్‌లో నమోదై ఉండాలి, లైన్ రాగానే పేమెంట్ స్టేటస్ బ్యాంకు నుంచి తెచ్చుకుని ఆ బిల్లుకే అతికించాలి. ఈ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్ ఏజెన్సీ బంకుకు దండగ.

ఫోన్ల వైపు కూడా కొన్ని దారులు ఉన్నాయి. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే బటన్ ఫోన్లతోనూ పని చేస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అక్కర్లేదు. బ్యాంకు సర్వర్ బిజీగా ఉన్నా పని జరుగుతుంది. అయితే మామూలు లైట్‌కి కూడా నెట్ కావాలి, ఇది మర్చిపోవద్దు.

డబ్బు కట్ అయి బంకుకు చేరకపోతే ఎవరి బాధ్యత?

దీనికి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే రూల్ పెట్టింది. మీ అకౌంట్‌లో డబ్బు కట్ అయి, వ్యాపారికి కన్ఫర్మేషన్ రాకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

కాబట్టి యాప్‌లో 'ప్రాసెసింగ్' అని ఉంటే కాసేపు ఆగండి. 'ఫెయిల్డ్' అని వస్తే క్యాష్ ఇవ్వొచ్చు, కట్ అయిన డబ్బు వెనక్కి వస్తుంది. 'సక్సెస్' అని ఉండి బాక్స్ మోగకపోతే మాత్రం రెండోసారి కట్టకండి. అందులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్ చూపించండి. బిల్లింగ్‌తో కలిసిన సిస్టమ్ ఉన్న బంకులో ఆ నంబర్‌తో వెతికితే ఏ బిల్లో తెలిసిపోతుంది. బ్యాంకు పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంక్ హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేయొచ్చు.

డీలర్లు సంతకం పెట్టే ముందు చూడాల్సినవి

కార్డు చార్జీల మీద బంకులకు పాత అనుభవం ఉంది. నోట్ల రద్దు తర్వాత, 2017 జనవరిలో బ్యాంకులు లావాదేవీకి చార్జీ వేస్తామనగానే కార్డులు తీసుకోబోమని డీలర్ల సంఘం ప్రకటించింది. కేంద్రం కల్పించుకున్నాక వెనక్కి తగ్గింది. బంకు లాభం లీటరుకు ఇంత అని ఫిక్స్ అయి ఉంటుంది. అందులోంచి చార్జీ పోతే మిగిలేది తక్కువ.

బ్యాంకు అకౌంట్ నుంచి చేసే యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి 1 నుంచి వ్యాపారి మీద చార్జీ లేదు. క్రెడిట్ కార్డు లెక్క వేరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మెషిన్ అద్దె, నెలవారీ ఫీజు, సర్వీస్ చార్జీ పేరుతో వేసేవి కూడా కలిపి చూడాలి.

ఇంకొన్ని ప్రశ్నలు:

* డబ్బు అకౌంట్‌లో ఎప్పుడు పడుతుంది? డీలర్లు సాధారణంగా ముందే డబ్బు కట్టి ట్యాంకర్ తెప్పించుకుంటారు. 12 వేల లీటర్ల లోడు అంటే లీటరు 100 లెక్కన వేసుకున్నా 12 లక్షలు. సెలవుల్లో సెటిల్‌మెంట్ ఆగితే ఘాట్ ఎక్కాల్సిన ట్యాంకర్ కిందే ఆగిపోతుంది.
* పేమెంట్ తీసుకునే కంపెనీకి రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉందా?
* కార్డు వివరాలు దాస్తున్నారా? 2022 అక్టోబర్ నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదు.
* కంపెనీ మారాలంటే పాత బిల్లుల డేటా చేతికి ఇస్తారా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంక్‌పై రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలు పెట్టింది. ఆ ఏడాది మార్చి 15 తర్వాత అందులో డబ్బు జమ కావడానికి వీల్లేదంది. దాంతో ఆ అకౌంట్‌కే క్యూఆర్ లింక్ చేసుకున్న చిన్న వ్యాపారులు హడావుడిగా వేరే బ్యాంకుకు మారాల్సి వచ్చింది. బిల్లు, పేమెంట్, డేటా అన్నీ ఒకే కంపెనీ చేతిలో పెడితే సౌకర్యం ఎంతో, రిస్క్ కూడా అంతే. అందుకే రెండో బ్యాంకు క్యూఆర్ ఒకటి, క్యాష్ తీసుకునే వీలు ఎప్పుడూ ఉంచుకోవాలి.

టూరిస్టులకు చిన్న సూచన

ఘాట్ ఎక్కే ముందే కింద ట్యాంకు నింపుకోండి. జేబులో కనీసం 500 రూపాయల నోటు ఉంచుకోండి. పెట్రోల్ కొట్టించే ముందే ఫోన్‌లో సిగ్నల్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ మాట పంపు దగ్గరున్న వాళ్లకు ముందే చెప్పండి. బిల్లు అడిగి తీసుకోండి. ఆ కాగితం ముక్క మీకు ఎంత రుజువో, పంపు దగ్గర పని చేసే ఆ కుర్రాడి జీతానికీ అంతే రక్షణ.