రెండు కుర్చీల్లో ఒకే మనిషి

ఎదుటివారిని మన లాభం కోసం ఆడిస్తే నిజాయితీ పోతుందా అని అడిగితే, పోతుందనే అందరూ అంటారు. ఆడించేవాళ్లు మరికాస్త గట్టిగా అంటారు. ఏ క్షణాన పోతుంది, పోయిందని ఎలా తెలుస్తుంది అని అడిగితే మాత్రం నీతిసూత్రాలు పెద్దగా పనికిరావు. లెక్కల కాగితాలు పనికొస్తాయి. అలాంటి కాగితాల కథ ఒకటి హైదరాబాద్‌లోని చాదర్‌ఘాట్‌లో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చాదర్‌ఘాట్ అంటే మూసీకి ఉత్తరాన, బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ, నేటి ఆబిడ్స్, నాంపల్లి వైపు పెరిగిన కొత్త ఊరు. 1883లో అక్కడి చదువుకున్నవాళ్లు కొందరు కలిసి ప్రభుత్వాన్ని ఒక చిన్న కోరిక కోరారు. చాందా వైపు రైలు మార్గం వేయడానికి లండన్ కంపెనీతో కుదురుతున్న ఒప్పందం షరతులు తమకూ చూపించాలని అడిగారు.

ఆ ఒప్పందంలో కీలకం ‘గ్యారంటీ’. రైలుకు లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి పెట్టినవారికి ఏడాదికి 5 శాతం వడ్డీ దక్కేలా నిజాం ఖజానా పూచీ పడుతుంది. అంటే లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే రైతు కట్టే శిస్తుది.

షరతులు అడిగినవారిలో ప్రముఖుడు అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ ఆయన ఇల్లే. ప్రభుత్వం జవాబు ఆలస్యం చేయలేదు: కాగితం చూపించలేదు, ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం దాటించింది. కొన్నేళ్లకు మళ్లీ రానిచ్చింది.

ఈ రైల్వే బేరసారాల్లో నిజాం తరఫున ముఖ్యంగా తిరిగిన అధికారి అబ్దుల్ హక్. సమర్థుడు, మాటకారి. సర్దార్ దిలేర్ ఉల్ ముల్క్ అన్న బిరుదు కూడా దక్కింది. కాగితం అడిగినవాడికి ప్రవాసం, కాగితం చేతిలో ఉన్నవాడికి బిరుదు. ప్రభుత్వాలు బహుమతులు పంచే పద్ధతిలో ఇదేమీ వింత కాదు.

అసలు లెక్క 1886లో మొదలైంది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1870ల్లోనే గుర్తించాడు. రాజ్యంలోని ఖనిజాలు తవ్వుకునే హక్కును నిజాం ప్రభుత్వం ఇద్దరు ఆంగ్లేయులకు ఇచ్చింది. వారు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీని పుట్టించారు. మూలధనం పది లక్షల పౌండ్లు, ఒక్కోటి 10 పౌండ్ల చొప్పున లక్ష వాటాలు.

ఈ లక్షలో 85,000 వాటాలు హక్కు తెచ్చినవారికే, నగదు కట్టకుండానే, పూర్తిగా చెల్లించినట్టు రాసి ఇచ్చారు. మిగిలిన 15,000 వాటాల సొమ్ము పైసాతో సహా వసూలైనా లక్షన్నర పౌండ్లు దాటదు. పది లక్షల కంపెనీకి గొయ్యి తవ్వడానికి మిగిలింది అంతే. చేతికి అంటని డబ్బు కాగితం మీద ఎంత బరువైనా తూగుతుంది.

ఊరికే వచ్చిన ఆ వాటాల్లో కొన్ని అబ్దుల్ హక్‌కూ చేరాయి. సొంత గనుల్లో తనకూ భాగం ఉండాలని నిజాం ప్రభుత్వం వాటాలు కొనాలనుకుంది. ఆ కొనుగోలు బాధ్యత అప్పగించింది ఆయనకే. ఆయన కొన్నాడు, ముఖ విలువ కంటే ఎక్కువ ధరకు, తన దగ్గరున్నవే. ఇరుపక్షాలూ ఒకే తలలో ఉన్నప్పుడు బేరం తెగడం కష్టమేమీ కాదు.

ఒప్పించడానికీ ఆడించడానికీ తేడా పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మనం చేసినదంతా ఎదుటివాడికి తెలిసిపోయినా పని జరిగేదేనా? జరుగుతుందంటే ఒప్పించినట్టు. జరగదంటే ఆడించినట్టు. అమ్మేది తన మనిషేనని, ఆ వాటాలకు అతను డబ్బు కట్టలేదని తెలిస్తే ఖజానా ఆ ధర పెట్టేది కాదు.

ఈ పరీక్షలో అబద్ధం ప్రసక్తే లేదని గమనించండి. వాటాలు అసలైనవి, కంపెనీ అసలైనది, సంతకాలు అసలైనవి. “నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు” అనేవాడు నిజమే చెబుతూ ఉండవచ్చు. కూర్చున్న రెండో కుర్చీ గురించి అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

రెండో వాదన ఇంకాస్త బలమైనది: ఫలితం మంచిదే కదా? నిజంగానే మంచిది. ఇల్లెందులో తవ్వకం సాగింది, రైలు ఆ బొగ్గు మోసింది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది. గనులు, రైలు కావాలన్న అబ్దుల్ హక్ సలహాలో తప్పు పట్టడం కష్టం.

చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే పెళ్లిళ్ల పేరయ్య చూపిన సంబంధం గొప్పదే కావచ్చు. కానీ అది గొప్పదని అతను చెప్పిన మాటకు విలువ లేదు, మళ్లీ మనమే విచారించుకోవాలి. పోయేది ఇదే. సలహా తప్పయిపోదు, సలహాగా పనికిరాకుండా పోతుంది. దేశం కోసం చెప్పాడా, వాటా కోసం చెప్పాడా అన్నది బయటివాళ్లు తేల్చలేరు. కొన్నాళ్లకు చెప్పినవాడికీ తేలదనే నా అనుమానం. వచ్చిన ప్రతి లాభానికీ ఒక ప్రజాప్రయోజనం వెతికిపెట్టడం అలవాటయ్యాక, రెంటినీ విడదీసి చూసే చూపు మందగిస్తుంది. పట్టుబడకపోయినా ఈ నష్టం తప్పదు.

పట్టుబడటం కూడా జరిగింది. 1888లో అబ్దుల్ హక్‌ను పదవి నుంచి సస్పెండ్ చేశారు. అదే ఏడాది బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక కమిటీ వేసి కంపెనీ వ్యవహారాన్ని విచారించింది. అయిదేళ్ల కిందట చాదర్‌ఘాట్‌వాసులు రైలు విషయంలో అడిగిందీ కాగితాలు చూపమనే. వాళ్లు అడిగిన చోటే తప్పు.

1945లో నిజాం ప్రభుత్వం సింగరేణి వాటాల్లో అధిక భాగం మళ్లీ కొనుక్కుంది. ఈసారి అమ్మినవాళ్లు వేరు, కొన్నవాళ్లు వేరు.