నారికురుపు

నారికురుపు తాగునీటి ద్వారా వ్యాపించే ఒక పరాన్నజీవి వ్యాధి. దీనిని గినియా పురుగు వ్యాధి అని కూడా అంటారు. ఒకప్పుడు రాయలసీమతో సహా ఆంధ్ర ప్రదేశ్‌లోని మెట్ట ప్రాంతాలలో ఈ వ్యాధి ఉండేది. టీకా గాని, పురుగును చంపే మందు గాని లేకుండానే భారతదేశం నుండి నిర్మూలించబడిన వ్యాధి ఇది. వ్యాధి ఏ మార్గంలో వ్యాపిస్తుందో తెలిస్తే, ఆ మార్గంలో ఒక్కచోట అడ్డుకట్ట వేసి దానిని నివారించవచ్చుననే సాంక్రమిక వ్యాధి శాస్త్ర సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

వ్యాధి కారకం

ఈ వ్యాధికి కారణం డ్రాకన్‌క్యులస్ మెడినెన్సిస్ అనే గుండ్రటి పురుగు. ఆడపురుగు దారంలా సన్నగా ఉండి, సుమారు ఒక మీటరు పొడవు వరకు పెరుగుతుంది. మగపురుగు చాలా చిన్నది.

వ్యాపించే విధానం

ఒక వ్యాధి వ్యాపించాలంటే రోగకారకం, దానికి ఆశ్రయమిచ్చే ఆతిథేయి, అనుకూలమైన పరిసరాలు అనే మూడూ కలవాలి. నారికురుపులో ఇవి ఈ క్రమంలో కలుస్తాయి:

* నిలవ నీటిలో సైక్లాప్స్ అనే అతి చిన్న నీటిజీవి ఉంటుంది. పురుగు పిల్లలను ఇది తింటుంది. సుమారు రెండు వారాలలో ఆ పిల్లలు మనిషికి సోకే దశకు చేరుకుంటాయి.
* ఆ నీటిని వడకట్టకుండా తాగినప్పుడు సైక్లాప్స్ కడుపులోకి చేరి చనిపోతుంది. బయటపడిన పురుగు పిల్లలు పేగు గోడను దాటి శరీరంలో పెరుగుతాయి.
* సుమారు ఒక సంవత్సరం తరువాత ఆడపురుగు చర్మం కిందికి, ఎక్కువగా కాలికి, చేరి బొబ్బ పుట్టిస్తుంది. విపరీతమైన మంట కలుగుతుంది.
* బొబ్బ చిట్లిన కాలిని నీటిలో పెట్టగానే పురుగు వేల కొలది పిల్లలను నీటిలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ తినడంతో చక్రం మళ్ళీ మొదలవుతుంది.

పొదిగే కాలం

రోగకారకం శరీరంలో ప్రవేశించినప్పటి నుండి లక్షణాలు కనిపించే వరకు పట్టే సమయాన్ని పొదిగే కాలం అంటారు. నారికురుపులో ఇది 10 నుండి 14 నెలలు. అందువలన కిందటి ఏడు తాగిన నీటికీ ఈ ఏడు లేచిన బొబ్బకూ గల సంబంధం రోగికి తోచదు. సైక్లాప్స్ పాత్రను రష్యా శాస్త్రవేత్త అలెక్సీ ఫెడ్చెంకో 1870 ప్రాంతంలో కనుగొన్నాడు.

దిగుడుబావులు

రాయలసీమలో వర్షపాతం తక్కువ. అనంతపురం ప్రాంతంలో ఇది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కదిరి, గాండ్లపెంట పరిసరాల వంటి మెట్ట ప్రాంతాలలో ప్రజలు తరతరాలుగా చెరువుల మీద, బావుల మీద ఆధారపడ్డారు. ఈ వ్యాధికి అన్నిటికన్నా అనుకూలమైనది దిగుడుబావి. నీళ్ళు ముంచుకోవడానికి మెట్లు దిగి నీటిలో కాలు పెట్టాలి. కురుపు ఉన్న ఒక్క మనిషి అలా దిగితే ఆ బావి నీరు తాగే ఊరంతటికీ ప్రమాదమే. మరుసటి ఏడు అదే కాలంలో అనేకమందికి ఒకేసారి కురుపులు లేచి, వారాల తరబడి నడవలేక వ్యవసాయపు పనులు ఆగిపోయేవి. ఒకసారి వచ్చినవారికి రోగనిరోధక శక్తి ఏర్పడదు కనుక వ్యాధి మళ్ళీ మళ్ళీ వచ్చేది.

చికిత్స

బయటికి వచ్చిన పురుగును చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున మెల్లగా లాగడమే చికిత్స. తొందరపడితే పురుగు తెగి, పుండు చీము పడుతుంది.

నివారణ

* తాగే నీటిని దట్టమైన గుడ్డతో వడకట్టడం. సైక్లాప్స్ గుడ్డలో చిక్కుకుంటుంది. టైఫాయిడ్ వంటి వ్యాధుల సూక్ష్మక్రిములు ఇంకా చాలా చిన్నవి. వాటికి నీటిని కాచడం లేదా క్లోరిన్ కలపడం అవసరం.
* కురుపు ఉన్నవారు బావిలోకి, చెరువులోకి దిగకుండా చూడడం.
* దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం.
* నీటిలో టెమెఫాస్ అనే మందు తగిన మోతాదులో కలిపి సైక్లాప్స్‌ను చంపడం.

నిర్మూలన

భారత ప్రభుత్వం 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1984లో దేశంలోని 7 రాష్ట్రాలలో సుమారు 40,000 మంది రోగులు ఉన్నట్లు గుర్తించారు. కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి రోగులను వెదికి నమోదు చేశారు. ఇలా వ్యాధిపై నిరంతరం ఉంచే దృష్టిని నిఘా అంటారు. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదయ్యాడు. చివరి రోగి తరువాత కూడా నిఘా కొనసాగింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు రహిత దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

1980ల మధ్యలో ప్రపంచంలో ఏటా సుమారు 35 లక్షల మందికి ఈ వ్యాధి వచ్చేదని అంచనా. 2023లో 14 మందికి మాత్రమే సోకింది. అయితే ఆఫ్రికాలోని చాద్ దేశంలో 2012 నుండి కుక్కలలో కూడా ఈ పురుగును గుర్తిస్తున్నారు. మనిషి ఒక్కడే దీనికి ఆశ్రయమన్న పూర్వపు భావన దీనితో మారిపోయింది. రోగకారకానికి మరొక ఆతిథేయి దొరికితే పాత అడ్డుకట్టలు చాలవు. అందుకే అక్కడ పురుగు సోకిన కుక్కలను నీటి వనరుల వద్దకు పోకుండా కట్టివేస్తున్నారు.