దిగిన తర్వాత ఎంత దూరం?

మన థర్డ్ ఇయర్ అక్కలు ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. జీతం ఎంత అని ఇంట్లో అడిగే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది: "ఎట్లా పోయి వస్తావు?" దీన్నే మన అలైడ్ ఎకనామిక్స్‌లో రవాణా పెట్టుబడి, ప్రాంతీయ ప్రణాళిక అని పెద్ద పేర్లతో చదువుతున్నాము.

లెక్క నిజానికి చిన్నదే. పక్క వీధిలో పని ఉంది, జీతం 9,000 అనుకోండి. నగరం ఆ కొసన ఇంకోటి ఉంది, 12,000. ఛార్జీలకు నెలకు 1,500, ప్రయాణానికి రోజూ మూడు గంటలు పోతే, మిగిలే 1,500 కోసం ఏ ఇంట్లో పంపుతారు? ఛార్జీ తగ్గినా, టైము తగ్గినా, ఆ అమ్మాయి చేరుకోగల ఉద్యోగాల సంఖ్య పెరుగుతుంది. అటు యజమానికీ ఎక్కువ మందిలోంచి మనిషిని ఎంచుకునే వీలు వస్తుంది. రైలుకో బస్సుకో ప్రభుత్వం పెట్టిన డబ్బు తిరిగొచ్చే దారుల్లో ముఖ్యమైనది ఇది.

చెన్నైలో 2021 మే నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనం ప్రకారం ఒక్కొక్కరికి నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయి. తర్వాత కర్ణాటక, తెలంగాణ 2023లోనూ, ఆంధ్రప్రదేశ్ 2025లోనూ ఇలాంటి పథకాలు మొదలుపెట్టాయి. అందరూ ఆ 888 గురించే మాట్లాడతారు గానీ నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. మన ఊళ్ళో బస్సు మారితే మళ్ళీ టికెట్ కొనాలి. మగవాళ్ళు ఎక్కువగా ఇంటి నుంచి నేరుగా పనికి పోయి నేరుగా వస్తారు. ఆడవాళ్ళు బిడ్డను స్కూల్లో దించి, పనికి పోయి, వచ్చేటప్పుడు మార్కెట్లో దిగి కూరగాయలు కొని వస్తారు. దిగి ఎక్కిన ప్రతిసారీ ఒక టికెట్! మా పిన్నమ్మ కొరుక్కుపేటలో ఇంటి పక్క కొట్టులో జాకెట్లు కుట్టేది. ఇప్పుడు బ్రాడ్‌వేలో బస్సు మారి టీ నగర్ పోతోంది, కూలి బాగానే పెరిగింది. ఆ మారడానికి డబ్బు పడితే పోయేదాన్నే కాదు అంటుంది. (మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. పింక్ బస్సు ఆపకుండా పోతే తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ పడతాయి.)

ఇక రైలు సంగతి. బీచ్ నుంచి ఎమ్మార్టీఎస్ లైను ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1995లో చేపాక్ దాకా, 1997లో మైలాపూర్ దాకా, 2004లో తిరువాన్మియూర్ దాకా, 2007లో వేళచేరి దాకా. తిరువాన్మియూర్ పక్కనే ఉన్న టైడల్ పార్క్ 2000లోనే తెరిచారు. అంటే ఉద్యోగాలు ముందొచ్చాయి, బండి నాలుగేళ్ళ తర్వాత వచ్చింది.

2023 ఆగస్టులో బీచ్-ఎగ్మోర్ నాలుగో లైను పని కోసం బీచ్ నుంచి చింతాద్రిపేట దాకా ఆ బండ్లు ఆపేశారు. ఏడు నెలలన్నారు, పద్నాలుగు నెలలయింది. 2024 అక్టోబరు చివర్లో మళ్ళీ నడిచాయి. నాలుగో లైను కావలసిందే, అందులో తకరారు లేదు. కానీ తెగిన ముక్క నాలుగు కిలోమీటర్లే అయినా, ఉత్తర చెన్నై నుంచి తరమణికి పోయేవాళ్ళకు మొత్తం దారి తెగినట్టే. బీచ్‌లో దిగి బస్సు పట్టుకుని, చింతాద్రిపేటలో మెట్లెక్కి ఇంకో బండి. పెద్ద పని మొదలుపెట్టేటప్పుడు అది జరిగినన్నాళ్ళూ జనం ఎట్లా పోతారన్నది కూడా ఖర్చులో రాయాలి అని నా అభిప్రాయం.

బస్టాండ్లదీ ఇదే కథ. 2018లో తిరుపతి, కాళహస్తి, నెల్లూరు బస్సులు కోయంబేడు నుంచి మాధవరం పోయాయి. మా వైపు వాళ్ళకు దగ్గరయింది, తాంబరం తెలుగువాళ్ళకు దూరమయింది. 2023 డిసెంబరులో సుమారు 390 కోట్లతో కిలాంబాక్కం బస్ టెర్మినస్ తెరిచారు. రైలు పట్టాలు పక్కనే ఉన్నాయి, స్టేషన్ మాత్రం అప్పటికి తయారు కాలేదు. ఊళ్ళోకి రావడానికి అక్కడ మళ్ళీ బస్సే.

బస్సు ఒకరిది, మెట్రో ఒకరిది, రైలు ఇంకొకరిది కావడమే చిక్కు. వీటన్నిటినీ కలిపి ప్లాన్ చేయాలని కుమ్టా అనే సంస్థ కోసం 2010లోనే చట్టం చేశారు. దాని మొదటి సమావేశం జరిగింది 2022లో! మూడింటికీ ఒకే ఫోన్‌లో టికెట్ తీసుకునే చెన్నై వన్ యాప్ 2025 సెప్టెంబరులో వచ్చింది.

ఇప్పుడు మెట్రో రెండో దశ, 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్లు. అందులో మూడో కారిడార్ మాధవరం నుంచి మూలకడై, పెరంబూరు మీదుగా సిప్‌కాట్ దాకా పోతుంది. ఉత్తరాన ఉన్న ఇళ్ళనీ, ఓఎంఆర్ ఆఫీసులనీ ఒకే లైను కలపబోతోంది. పెరంబూరు, వ్యాసర్‌పాడి నుంచి మన కాలేజీకి వచ్చే వాళ్ళు చాలామందే ఉన్నారు కదా, స్టేషన్ల పేర్లు ఇప్పుడే చూసి పెట్టుకోండి. నేను మాత్రం మూలకడై స్టేషన్ బయట కొరుక్కుపేట బస్సు ఎక్కడ ఆగుతుందో, రాత్రి ఎనిమిది తర్వాత ఎంతసేపటికొకటి వస్తుందో చూస్తాను.